మర్యాదకు భయపడిన కుర్చీల దర్జీ

బట్టలు కుట్టే దర్జీ వేరు, కుర్చీల దర్జీ వేరు. కుంగిపోయిన సోఫాను విప్పి, వంగిన స్ప్రింగులు తీసి, అడుగున కొత్త పట్టీలు బిగించి, పైన కొత్త కవరు కుట్టి ఇవ్వడం ఇతని వృత్తి. కొట్టు ఒకటే గది. గోడకు వరుసగా వంపు సూదులు, మూలన కొబ్బరి పీచు బస్తా, నేల మీద ఎప్పుడూ ఒక కుర్చీ కాళ్ళు పైకెత్తి పడుకుని ఉంటుంది. బేరమాడే వారికి అతడు చెప్పే మాట ఒక్కటే.

"షాపులో కూర్చుని చూస్తే ప్రతి సోఫా బాగానే ఉంటుందండీ. చుట్టాలొచ్చి, తిని, పడుకుని, లేచి వెళ్ళాక చూడాలి దాని సంగతి."

దర్జీ పిరికివాడు. ఈ మాట నిందగా రాయడం లేదు. అతడే పలుమార్లు అంగీకరించిన విషయం కనుక ఉన్నది ఉన్నట్టు రాయడమైనది. తండ్రి వడ్రంగి. సుత్తి ఎత్తగానే కళ్ళు మూసుకునే కొడుకు చేతికి సుత్తి ఇవ్వడం కంటె సూది ఇవ్వడమే క్షేమమని ఆయన తీర్మానించడం వల్ల ఇతడు ఈ పనిలోకి వచ్చాడు. పెద్దవాడైన తరువాత కూడా కుక్క మొరిగితే వీధి మారేవాడు. లారీ హారను మోగితే గుండె మీద చెయ్యి వేసుకునేవాడు. అటువంటి మనిషి నలభై దాటిన వయసులో సైకిలెక్కి కొండదారి పట్టడానికి కారణం సాహసం ఎంతమాత్రమూ కాదు, మోకాళ్ళు.

నేల మీద మఠం వేసుకుని కూర్చుని పని చేయగా చేయగా మోకాళ్ళు బిగిసిపోయాయి. ఫిజియోథెరపీ చేసే డాక్టరమ్మ పరీక్షించి, "మందు రాయను, సైకిలు కొనుక్కోండి" అన్నారు. ఆదివారం ఉదయాలలో ఊరివాళ్ళను కూడగట్టి దూరాలు తొక్కించే బృందం ఆవిడదే. ఆ బృందంలో అప్పటికే మొదటి వరుసలో ఉన్నవారు దర్జీ అక్క భర్త. ఆయన డ్రైవింగ్ స్కూలు మాస్టారు. బ్రేకు ఎక్కడుందో తెలియని వాళ్ళకు బండి నేర్పి నేర్పి ఆయన నోటికి బ్రేకు లేకుండా పోయిందని అక్క అనేది.

దర్జీ బృందంలో చేరిన రోజే మాస్టారు అతనికి పేరు పెట్టారు. అందరికంటె వెనుక, రోడ్డు అంచున, రెండు చేతులూ బ్రేకుల మీద ఉంచుకుని వస్తున్న బావమరిదిని చూసి, "ఒరేయ్ గార్డూ! రైలు స్టేషనుకు చేరింది, నీ పెట్టె ఇంకా రాలేదేంరా?" అన్నారు.

"ఇంజను ఎంత అరిచినా బావా, గార్డు జెండా ఊపితేనే కదిలేది."

"ఊపు, ఊపు. చెయ్యి వదిలి ఊపావంటే అక్కడే పడతావు."

ఆనాటి నుంచి బృందానికి అతడు గార్డు. మాస్టారి పలకరింపులో తిట్టు లేని రోజు లేదు. మెత్తగా పలకరిస్తే ఆయనకు నోరు చప్పబడినట్టుండేదేమో. దర్జీకీ అది అలవాటైంది. ఒక సందర్భంలో మాస్టారి సైకిలు సీటు చిరిగితే దర్జీ దానికి మంచి తోలు వేసి, పట్టుకుని ఎత్తడానికి అనువుగా వెనుక వైపున గట్టి పట్టీతో ఒక కుచ్చు కూడా బిగించాడు. సోఫాల అడుగున వేసే పట్టీ అది, మనిషి వేలాడినా తెగదు. మాస్టారు నలుగురికీ చూపించి, "గార్డు పెట్టెకు తోక ఉండదు కదా, అందుకని ఇంజనుకు తగిలించాడు" అని నవ్వారు గాని, ఊడబీకలేదు.

డాక్టరమ్మ బృందానికి ఒక పద్ధతి నేర్పారు. ఉదయం కాళ్ళు తాజాగా ఉన్నప్పుడు కొండకు ఈ వైపు ఎక్కాలి. అవతల ఆనకట్ట దాకా పోయి, ఎండ ముదిరాక తిరిగి వస్తూ ఆ వైపు నుంచి అదే కొండ ఎక్కాలి. హ్యాండిలు మీద బిగించిన చిన్న యంత్రం రెండుసార్లూ ఎవరు ఎంత బలంగా తొక్కారో చూపుతుంది.

"పొద్దున మీ కాళ్ళలో ఎంత బలముందో అందరికీ కనిపిస్తుంది," అనేవారు ఆవిడ. "గంటల తరబడి తొక్కాక అందులో ఎంత మిగిలిందన్నదే నాకు కావాలి. కొందరికి సగం పోతుంది, కొందరికి చెంచాడు పోతుంది. మాస్టారూ, మీరు పొద్దున పులి, మధ్యాహ్నం పిల్లి."

"మరి మా గార్డు?"

"ఆయన పొద్దున పిల్లి, మధ్యాహ్నమూ పిల్లే."

అందరూ నవ్వారు. డాక్టరమ్మ నవ్వలేదు. "నవ్వకండి. పిల్లి సాయంత్రం దాకా పిల్లిగా మిగలడం తేలిక కాదు" అన్నారు.

అందుకు కారణం ఆవిడ వివరించగా దర్జీకి తెలిసింది. మొదట్లో నెమ్మదిగా పోవడం, ఆకలి వేయకముందే తినడం, దాహం వేయకముందే తాగడం, ఎవరో ముందుకు ఉరికారని తానూ ఉరకకపోవడం. ఇవన్నీ అతడు ఎరిగి చేసినవి కావు. పడిపోతానేమోనని నెమ్మది, నడిదారిలో కళ్ళు తిరుగుతాయేమోనని జేబుల నిండా ఖర్జూరాలు, ఉడికించిన బంగాళాదుంపలు, పంచదార కలిపిన నీళ్ళ సీసా. అతని భయమే అతని కాళ్ళను కాపాడుతూ వచ్చింది. మాస్టారిది వేరే దారి. తినడానికి ఆగడం ఆయనకు నామోషీ. "బండికి పెట్రోలు పోయించడానికి రేసు మధ్యలో ఆపుతారా?" అనేవారు. ఆపుతారని ఎవరైనా అంటే వినిపించుకునేవారు కారు.

ఇక అసలు విషయం. ఒక వేసవిలో, ఆదివారం మధ్యాహ్నం మాస్టారు దారిలో ఏమీ తినకుండా సైకిలు తొక్కి ఇంటికి వచ్చి, గుమ్మం బయట నిలబడి, సొంత భార్యను చూసి, "ఏమండీ, లోపలికి రావచ్చా?" అని అడిగారు. అక్క వేళాకోళమనుకుని, "ఎవరు కావాలండీ?" అంది. "క్షమించండి, ఇల్లు పొరబడ్డట్టున్నాను" అంటూ ఆయన వెనుదిరిగి, రెండు మెట్లు దిగి, మూడో మెట్టు మీద కూలబడ్డారు. పంచదార నీళ్ళు తాగించిన కొంతసేపటికి, "ఏమిటే అలా చూస్తావు, ఎప్పుడూ చూడలేదా మొగుణ్ణి?" అన్నారు. అప్పుడు గాని అక్కకు ఊపిరి ఆడలేదు. ఆయనకు మాత్రం గుమ్మంలో ఏమన్నదీ గుర్తు లేదు. చెబితే నమ్మలేదు.

అక్క ఆ సాయంత్రమే తమ్ముడి కొట్టుకు వచ్చింది.

"ఒరేయ్, ఆయన తిడుతున్నంతసేపూ నాకు దిగులు లేదురా. మర్యాదగా మాట్లాడాడంటే మాత్రం మనిషి లోపల లేడని అర్థం. నువ్వు ఎలాగూ వెనకే ఉంటావు. కాస్త చూస్తూ ఉండు."

"నన్నెవరు చూస్తారే?"

"నీకేం, నీకు నీ భయం ఉంది. ఆయనకు అది కూడా లేదు."

దర్జీ తల ఊపాడు. ఆనాటి నుంచి ప్రతి ఆదివారమూ అతడు మాస్టారి తిట్ల కోసం చెవులు రిక్కించి తొక్కేవాడు. తిట్టు వినబడితే మనసు కుదుటపడేది. ఈ సంగతి అక్కకూ తమ్ముడికీ తప్ప బృందంలో ఎవరికీ తెలియదు. తెలిస్తే మాస్టారి పరువు పోతుందని అక్క భయం.

మరుసటి వేసవిలో ఒక ఆదివారం ఎండ తీవ్రంగా ఉంది. ఉదయం కొండ ఎక్కడంలో మాస్టారు అందరినీ దాటి పోయి, పైన నిలబడి ఒక్కొక్కరికీ ఒక్కొక్క తిట్టు వడ్డించారు. దర్జీకి రెండు వచ్చాయి. అతనికి ఎంతో సంతోషం కలిగింది.

ఆనకట్ట దగ్గర టీ కొట్టులో ఆగారు. డాక్టరమ్మ, మరికొందరు త్వరగా టీ ముగించి ముందే బయలుదేరారు. మిగిలినవారిలో బ్యాంకు క్యాషియరు గారికి బిస్కట్లు దక్కలేదు. మాస్టారు తన చేతిలోని పొట్లం ఆయన ముందు పెట్టి, "మీరు తీసుకోండి, పరవాలేదు" అన్నారు.

"ఓహో! మాస్టారికి ఈ రోజు మర్యాద పుట్టుకొచ్చిందే!" అని క్యాషియరు గారు చప్పట్లు కొట్టారు. అందరూ నవ్వారు. బృందంలో ఒక నమ్మకం ఉండేది: మాట్లాడుతున్నవాడు బాగున్నట్టే, నోరు మూతపడినవాడినే కనిపెట్టాలి అని. మాస్టారు మాట్లాడుతూనే ఉన్నారు కదా!

దర్జీ టీ తాగడం ఆపి మాస్టారిని చూశాడు. ఆయన వేళాకోళం చేస్తున్నారేమో. చేయకపోతే? నలుగురిలో లేచి 'మా బావ మర్యాదగా మాట్లాడుతున్నాడు, పట్టుకోండి' అని చెబితే పిచ్చివాడనరూ? అతడు దగ్గరికి వెళ్ళి ఒలిచిన బంగాళాదుంప చేతిలో పెట్టాడు.

"తిను బావా."

మాస్టారు దాన్ని ఒకసారి చూసి, జాగ్రత్తగా జేబులో పెట్టుకున్నారు. "తరువాత తింటాను" అని సైకిలెక్కారు. తిట్టలేదు. దర్జీ గ్లాసు అక్కడే వదిలి తానూ ఎక్కాడు. మిగిలినవారు ఇంకా టీ కొట్టులోనే కూర్చున్నారు.

ఆ బృందానికి మరొక ఆచారం ఉంది. చివరి కొండ దగ్గర ఎవరి కాళ్ళు వారివి. ఎవరూ ఎవరి కోసమూ ఆగరు. అందరూ కొండ దిగాక, ఊరి మొదట్లో ఉన్న పెట్రోలు బంకు దగ్గరే కలుస్తారు. కనుక చదును రోడ్డు మీద ఎదురుగాలిలో మాస్టారి పసుపుపచ్చ చొక్కా దూరమై పోతుంటే, ఆయన కోసం ఆగేవారు గాని, ఆయనను ఆపేవారు గాని ముందున లేరు.

కొండ మొదలైంది. మలుపు తిరిగిన ప్రతిసారీ పసుపుపచ్చ చొక్కా కాస్త దగ్గరగా కనబడింది. ఇంకెవరికైనా అది ఉత్సాహం కలిగించే విషయం. దూరం తగ్గుతున్న కొద్దీ దర్జీకి భయం పెరిగింది. ఉదయం అందరినీ దాటిన మనిషిని, తన వేగం ఏమీ పెంచకుండానే తాను అందుకుంటున్నాడు. కొత్తగా ఉన్నప్పుడు మహా బిగువుగా నిలిచి, చుట్టాలు లేచి వెళ్ళేసరికి నేలకు అంటుకుపోయే స్ప్రింగులు అతనికి గుర్తుకు వచ్చాయి. కొండ సగంలో పక్కకు చేరాడు. మాస్టారి ముఖం బూడిద రంగులో ఉంది. చెమట లేదు. ముందు చక్రం అటూ ఇటూ గీత గీస్తోంది.

"బావా, ఆగుదాం."

"అలాగేనండి."

ఆగలేదు.

దర్జీ రెచ్చగొట్టి చూద్దామనుకున్నాడు. "నేను కుట్టిన సీటు కాబట్టి ఇంత దూరం కూర్చోగలిగావు. లేకపోతే నీ వల్ల అయ్యేదా?"

ఏ ఆదివారమైనా ఈ మాటకు కొండ ప్రతిధ్వనించేది. మాస్టారు తల తిప్పి, దర్జీ ముఖంలోకి కాక, ముఖం పక్కకు చూస్తూ, "అవునండీ. అంతా మీ చలవ" అన్నారు. ఆ చూపులో బావ లేడు.

"బావా, నేనే... నేను, గార్డుని! కాళ్ళు ఆపు!"

"తప్పకుండానండి."

కాళ్ళు వాటంతట అవే తిరుగుతున్నాయి. వెనుక నుంచి రాళ్ళ లారీ హారను మోగింది. లారీతో పాటు ఇద్దరు పక్కపక్కన పట్టేంత రోడ్డు కాదది. దర్జీ గుండె ఆగినంత పనై, అలవాటు కొద్దీ బ్రేకు పట్టి అంచుకు తప్పుకున్నాడు. లారీ నెమ్మదిగా, పొగ కక్కుతూ, ఇద్దరి మధ్యకు వచ్చింది. ఆ పొగలో అతనికి ముందు ఏమీ కనబడలేదు. లారీ మాస్టారిని కూడా దాటి పోయిందని, చక్రాల కిందికి ఏమీ పోలేదని తెలిసేసరికి పసుపుపచ్చ చొక్కా మళ్ళీ దూరమై ఉంది.

అంతకంటె భయంకరమైన విషయం ఇంకొకటి ఉంది. కొండ నెత్తి దగ్గర ఎక్కే వాలు తగ్గుతుంది. అలసినవాడి సైకిలు కూడా అక్కడ దానంతటదే వేగం అందుకుంటుంది. నెత్తి మీద, లారీలు చిన్న గేరులో దిగాలని హెచ్చరించే పచ్చ బోర్డు ఉంది. అది దాటితే ఊరి వైపు దిగుడు. మొదటి మలుపులో మోకాలెత్తు గోడ. గోడ అవతల ఏముందో దర్జీ ఏనాడూ చూడలేదు. చూడవలసి వస్తుందని దిగేటప్పుడు ప్రతిసారీ తల పక్కకు తిప్పుకునేవాడు. పేరు చెప్పినా తెలియని స్థితిలో ఉన్న మనిషికి బ్రేకు గుర్తుంటుందా?

దర్జీ జీవితంలో మొదటిసారి సీటు మీద నుంచి లేచి నిలబడి తొక్కాడు. చేతులు బ్రేకుల మీద లేవు. తొడలు మండాయి, ఊపిరి గొంతులో ఈలవేసింది, హెల్మెట్ కిందనుంచి కారిన చెమట కళ్ళలో పడింది. తుడుచుకోవడానికి చెయ్యి తీయలేదు. గంటల తరబడి పిసినారిలా దాచుకున్నదంతా ఆ కాస్త దూరంలో ఖర్చయిపోతోంది. 'అయిపోతే? బోర్డు రాకముందే అయిపోతే?' అన్న ఆలోచన ఒక్కటే బుర్రలో తిరిగింది. అక్క ముఖం కూడా గుర్తు రాలేదు.

బోర్డు దగ్గరకు వచ్చింది. మాస్టారి సీటు కింద పట్టీ కుచ్చు ఊగుతోంది. దర్జీ ఒక చెయ్యి వదిలాడు. చెయ్యి వదిలావంటే అక్కడే పడతావని బావ అన్నది నిజమే. అయినా పట్టీ అందింది. వేళ్ళు రెండు చుట్లు తిప్పి, రెండో చేత్తో బ్రేకు బిగబట్టి, ఒళ్ళంతా కంకర వైపు వాల్చాడు.

ఇద్దరూ, రెండు సైకిళ్ళూ రోడ్డు పక్క కంకరలో పడ్డాయి. కుట్టు తెగలేదు. దర్జీ బొటనవేలు మాత్రం పట్టీలో ఇరుక్కుని మెలిపడింది.

మాస్టారు వెల్లకిలా పడి ఆకాశం చూస్తూ, "క్షమించండి. మీకేమైనా దెబ్బ తగిలిందా?" అన్నారు.

ఆ మాట వినగానే దర్జీ భయం రెండింతలైంది. ఆయనను లేపి తన గుండెకు ఆనించి కూర్చోబెట్టి, పంచదార నీళ్ళు గుక్క గుక్కగా పట్టించాడు. ఖర్జూరం గింజ తీసి నోట్లో పెట్టి, నమిలి మింగేదాకా దవడ వంక చూశాడు. ఇంకొకటి పెట్టాడు. లారీలు పోతున్నాయి. ఒక్కటీ ఆగలేదు.

"బావా, నన్ను తిట్టు."

"ఎందుకండీ?"

"ఊరికే తిట్టు బావా. నీకు దణ్ణం పెడతాను. వెధవా అను, పనికిమాలినవాడా అను."

"మీరు పెద్దమనిషిలా ఉన్నారు..."

దర్జీ ఇంకో ఖర్జూరం పెట్టాడు. మళ్ళీ సీసా ఎత్తి పట్టించబోతే సగం నీళ్ళు ఆయన చొక్కా మీద ఒలికాయి. ఆయన ఒంట్లో ఏది తక్కువైందో, ఏ క్షణంలో ఏమవుతుందో అతనికి తెలియదు. తెలిసిందల్లా ఆ నోటి నుంచి 'అండీ' అన్న మాట పోవాలన్నదే. ఎంతసేపు గడిచిందో గాని, మాస్టారి నుదుటి మీద చెమట పొడసూపింది. కళ్ళు మెల్లగా తిరిగి, కంకరలో పడి ఉన్న సైకిలు మీద, పక్కకు ఒరిగిన సీటు మీద నిలిచాయి.

"ఒరేయ్," అన్నారు ఆయన నీరసంగా, "ఏ వెధవరా నా సీటు వంచింది?"

దర్జీ ఏడ్చేశాడు.

"ఏడుస్తావేంరా ఆడంగి వెధవా! నీళ్ళు పోశావేంటి నా మీద? స్నానం చేయించమన్నానా?"

"ఇంకా తిట్టు బావా."

"నీకు పిచ్చి పట్టిందిరా" అని మాస్టారు జేబులో చెయ్యి పెట్టి, నలిగిన బంగాళాదుంపను తీసి, ఇదెక్కడిదని ఆశ్చర్యంగా చూసి, తినేశారు.

తరువాత దర్జీ ఫోను చేయగా డాక్టరమ్మ కూరగాయల వ్యాను మాట్లాడుకుని కొండెక్కి వచ్చారు. మాస్టారి నాడి చూసి, ఆసుపత్రికి తీసుకుపోయి చూపించి గాని ఇంటికి పంపలేదు. వ్యానులో దర్జీ వేలికి కట్టు కడుతూ, అతని హ్యాండిలు మీది యంత్రం వంక చూసి, "పొద్దుటి కంటే గట్టిగా తొక్కారే! ఇన్ని గంటల తరువాత ఇది ఎక్కడి నుంచి వచ్చింది?" అని అడిగారు.

"భయంతో అండీ."

"భయం బలం తెచ్చిపెట్టదండీ. మిగుల్చుకున్నది ఉంటే బయటికి తీయిస్తుంది. మీకు ఉంది" అని, మాస్టారి వైపు తిరిగి, "ఆగి తినకపోతే ఇకమీద నా బృందంలో చోటు లేదు" అన్నారు.

మాస్టారు తల ఊపారు. ఊళ్ళో మాత్రం ఈ కథను ఆయన మరొక విధంగా చెప్పారు. దిగుడు చూసి గార్డు జడిసి తన సైకిలు తోక పట్టుకుని పడ్డాడని, తానే ఓదార్చి కిందికి తెచ్చానని ఆయన కథనం. అక్క తమ్ముడి వంక చూసింది. దర్జీ కాదనలేదు. జడిసిన మాట నిజమే కదా అన్నాడు. అయితే ఆ తరువాతి ఆదివారాలలో మాస్టారు ఆనకట్ట దగ్గర ఎవరూ చెప్పకుండానే కూర్చుని, గోడ వైపు తిరిగి, రెండు బంగాళాదుంపలు తినడం అందరూ చూశారు.

వేలు బాగుపడి దర్జీ మళ్ళీ సూది పట్టిన రోజుల్లో, ఒక ఉదయం మాస్టారు కొట్టుకు వచ్చారు. వెంట లైసెన్సులు ఇచ్చే ఆఫీసరు గారు, ఆటోలో ఆయన ఆఫీసు కుర్చీ. ఆఫీసరు ఎదుట మాస్టారు గొంతు సవరించుకుని, నిటారుగా నిలబడి, "ఏమండీ, ఇది ఎప్పటికి తయారు చేసి ఇవ్వగలరు?" అని అడిగారు.

దర్జీ చేతిలోంచి సూది జారి పడింది. అతడు లేచి, గోడకు తగిలించిన సంచిలోంచి ఖర్జూరం తీసి, తిన్నగా వచ్చి, ఆఫీసరు గారు చూస్తుండగానే మాస్టారి నోట్లో కుక్కాడు.

ఆఫీసరు గారు ఒక అడుగు వెనక్కు వేశారు.

మాస్టారు నోటినిండా ఖర్జూరంతో ఉక్కిరిబిక్కిరై, "ఒరేయ్ గార్డు వెధవా! పెద్దవాళ్ళ ముందు ఏమిట్రా ఈ పని? నా పరువు తీస్తావా?" అని అరిచారు.

దర్జీ దీర్ఘంగా ఊపిరి వదిలి, తిరిగి తన చోట కూర్చుని, "బుధవారానికి ఇస్తానండీ" అని ఆఫీసరు గారికి వినయంగా మనవి చేసుకున్నాడు. నేల మీది సూదిని వెతికి తీసుకున్నాడు గాని, అందులో దారం ఎక్కించడానికి చాలాసేపు పట్టింది.